అరుణమ్మ దాచుకున్న మాట

ఆ ఊళ్లో రోత అనే మాటకు తీరిక ఉండదు. కూర పులిస్తే రోత, మోరీ పొంగితే రోత, తాగి వాగేవాడివి రోత మాటలు, షిఫ్టు దిగి వచ్చినవాడికి బతుకే రోత. ఒక్క అరుణమ్మ మాత్రం ఆ మాటను ఇట్లా చిల్లరగా ఖర్చు చేసేది కాదు. రుద్రారం దాటాక వచ్చే వాగు కంపెనీల నీళ్లతో ఎర్రబారి నురగలు కక్కినా ఆమె గలీజు అనే అన్నది. కిరాయి గదుల మోరీ నిండి తన వాకిట్లోకి పారినా గలీజే. రోత అనే మాటను ఆమె ఒకే ఒక్క మనిషి కోసం దాచింది. ఆ మనిషి ఆమె మరిది లింగం.

రెండూ ఒకటే కదా అత్తమ్మా అని కొత్త కోడలు ఒకసారి అడగనే అడిగింది. అరుణమ్మ పొయ్యి ముందు నుంచి తలెత్తింది.

"గలీజు కడిగితే పోతది బిడ్డా. రోత కడిగితే పోదు. ఆ మనిషి తాగిన గిలాస ఎంత తోమినా నా నోటికి రాదు. గదీ రోత అంటే."



ఊరికే పుట్టిన రోత కాదది. అన్నదమ్ములిద్దరికీ కలిపి కొంత చెలక భూమి, దాని నడుమ తాతల నాటి బావి ఉండేవి. బావి ఎండిపోయిన ఏడు, ఒకనాడు పొద్దున్నే కందిచేనుకు పోయిన అరుణమ్మకు బావి గడ్డన కంపెనీ ట్యాంకరు కనిపించింది. పైపు బావిలోకి దిగి ఉంది. ముక్కులు పగిలే వాసన. పక్కన నిలబడి డ్రైవరుకు చెయ్యి ఊపుతున్నది లింగం. ఆ వానాకాలానికల్లా చుట్టుపక్కల బోర్లలో నీళ్లు పసుపుపచ్చగా వచ్చాయి. ఆ నీళ్లు తాగిన బర్రెలు చచ్చాయి. కంది పోయింది, జొన్న పోయింది, చివరికి గడ్డి కూడా మొలవడం మానేసింది.

భర్త కైలాసాన్ని ఆమె నిలదీసింది. తమ్ముణ్ణి పంచాయితీకి ఈడ్వమన్నది. కైలాసం తువ్వాలతో మొహం తుడుచుకుని, చిన్నోడు, ఇడిశిపెట్టు అని ఊరుకున్నాడు. ఆ తర్వాత కొన్నాళ్లకే అతనికి కంపెనీలో బాయిలరు దగ్గర పని దొరికింది. భూమి పోయినవాళ్లకు దేవుడే దారి చూపాడని అరుణమ్మ కొబ్బరికాయ కొట్టింది.

మొగుడు చేయలేని పని తాను చేసింది. లింగంతో మాట బంద్. ఆ ఇంట్లో మంచినీళ్లు బంద్. రెండిళ్లకూ నడుమ ఒక్క గోడే. లింగం భార్య ముత్యమ్మ, అరుణమ్మకు యారాలే కాదు, ఒకప్పుడు ఒకే కంచంలో తిన్న మనిషి. ఆ గోడ మీది నుంచి ఆమె కూర గిన్నె అందిస్తే, అరుణమ్మ అందుకుని, ఆమె చూస్తుండగానే కుక్క ముందు కుమ్మరించింది. కరోనా ఏట ముత్యమ్మ పోయింది. శవం లేచేటప్పుడు కూడా అరుణమ్మ తలుపు తీయలేదు. లోపల కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది, అది వేరే సంగతి. ఇన్నేళ్లూ రోజూ అన్నం దగ్గర ఆమె మరిదిని తిట్టిపోస్తుంటే కైలాసం ఊ కొడుతూ తిన్నాడు. పాపం మెత్తని మనిషి, ఆయన రోత కూడా నేనే మొయ్యాలి అనుకునేది ఆమె.

మొన్న మాఘంలో కైలాసం దగ్గి దగ్గి పోయాడు. మూడోనాడు పిట్టకు పెట్టాలి. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి పెడితే కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే ఆ మనిషి మనసులో ఏదో మిగిలిపోయినట్టు. అప్పుడు అయినవాళ్లు ఒక్కొక్కరే ముందుకొచ్చి ఆయనకు మాట ఇవ్వాలి. అరుణమ్మ తలకాయ కూర వండింది, కల్లు తెప్పించింది, బీడీకట్ట పెట్టింది. కైలాసాన్ని కాల్చింది తమ చెలకలోనే కాబట్టి విస్తరి కూడా ఆ పాత బావి గడ్డనే వేశారు. కాకి వచ్చి చెలక పక్కనున్న కంపెనీ ప్రహరీ మీద కూర్చుంది. చూసింది. దిగలేదు.

అమ్మను మంచిగ చూసుకుంట నాయినా అన్నాడు కొడుకు మల్లేష్. దిగలేదు. కోడలు ఏదో మొక్కింది. దిగలేదు. ఎండ నెత్తికెక్కింది. ఇక కులపెద్ద యాదన్న గొంతు సవరించుకుని అందరి మనసులో ఉన్నది బయటపెట్టాడు. తమ్ముడు అంత దూరాన తుమ్మచెట్టు కింద పరాయివాడిలా నిలబడితే అన్న ఎట్లా ముడతాడన్నాడు.

"ఒక్క మాట పిలువు అక్కా. పోయినోని ఆకలి నీ నోట్లనే ఉన్నది."

అరుణమ్మ విస్తరి వైపు చూసింది. పిలిస్తే, కుక్కకు పోసిన ఆ కూరకు అర్థం ఏముంది? తియ్యని ఆ తలుపుకు ఏముంది? పిలవకపోతే, తాను వడ్డిస్తే తప్ప తినని మనిషి ఆకలితో పోతాడు. చివరికి నేలను చూస్తూ, లింగం, రా, మీ అన్నకు పెట్టు అన్నది. నాలుక మీద కారం రాసుకున్నట్టయింది.

లింగం వచ్చాడు. నడుము వంగిపోయింది. విస్తరి ముందు కూలబడి, ముద్ద కలిపి, వదిన పక్కనే ఉన్నదనే సోయి లేకుండా, అందరిలాగే తానూ అన్నకు మాట ఇచ్చాడు.

"నీ మాట దాటలే అన్నా. బాయి సంగతి వదినెకు చెప్పలే. ఇగ ముందు గూడ చెప్ప. తిను."

కాకి దిగింది. నేరుగా వచ్చి తలకాయ కూరనే ముట్టింది. అందరూ దండం పెట్టారు. మల్లేష్ భోరుమన్నాడు. అరుణమ్మ ఒక్కతే కాకిని చూడలేదు.

అందరూ స్నానాలకు కదిలాక ఆమె లింగానికి అడ్డం నిలబడి, ఏం చెప్పలేదని అడిగింది. ఇప్పుడే మాటిచ్చాను, అడగొద్దన్నాడు. ఆమె కదలలేదు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఇన్నేళ్లు ఓర్చుకున్నవాడు, తల వంచుకుని చెప్పాడు.

"కంపెనోళ్లు నౌకరి ఇస్తమంటే బాయిల పోసుకోమన్నది అన్ననే వదినా. నన్ను బాయికాడ నిలవడమన్నడు. నీకు తెలిస్తే ఆయనకు ముద్ద పెట్టవని భయపడ్డడు."

"ముత్యమ్మకు ఎరికేనా?"

"ఎరికే."

కాకి ఎందుకు దిగిందో అరుణమ్మకు అప్పుడు తెలిసింది. తమ్ముడి కోసం కాదు, గుట్టు కోసం దిగింది.

ఇంటి ముందు బంతి కూర్చున్నది. పిట్ట ముట్టింది, కైలాసం నిమ్మళంగా పోయాడని అందరూ సంతోషపడుతున్నారు. మల్లేష్ తల్లి విస్తరిలో తలకాయ కూర వేసి, నాయిన పేరు మీద నాలుగు ముద్దలు తినమన్నాడు. ఆమె ముద్ద నోటిదాకా తెచ్చింది. ఇన్నేళ్లూ ఎదురుగా కూర్చుని ఊ కొడుతూ తిన్న మనిషి చప్పుడు చెవిలో పడింది. ముద్దను మళ్లీ విస్తరిలో పడేసింది.

"ఏమైందమ్మా, గలీజు గిట్ల పడ్డదా?" అన్నాడు మల్లేష్.

"గలీజు కాదు బిడ్డా. రోత."

కూర ఏమైనా పాడైందేమోనని వడ్డించేవాళ్లు గిన్నె వాసన చూశారు. బంతి చివర కూర్చున్న లింగం తలెత్తలేదు.