అక్క జబ్బనొప్పి

మొన్న కర్నూలులో కడుపు స్కానింగుకు పోతే, చీటీలు రాసే అమ్మాయి తల ఎత్తకుండానే "తాతా, పొద్దున ఏమన్నా తిన్నావా?" అని అడిగింది. "టీ తాగినానమ్మా, రెండు బిస్కెట్లు గూడా తిన్నా" అన్నాను, వరండాలో ఉన్నవాళ్లందరికీ వినపడేటట్టు. "అట్లయితే రేపు పరగడుపున రా" అని చీటీ వెనక్కి ఇచ్చేసింది. వెంట వచ్చిన మా అల్లుడు బయటికి రాగానే మండిపడ్డాడు. "తినలేదని చెప్పింటే సరిపోతాండె గదా మామా? ఎవురు చూడొచ్చినారు?" నోరున్న మనిషినని పేరుపడ్డ నేను ఊరకుండేసరికి అతనికి ఇంకా కోపం వచ్చింది.

నన్ను సాకింది మా అక్క. నా బడి చదువు ఐదో తరగతితో సరి. ఆ తర్వాత చదివిందంతా అంగడి నుంచి చక్కెర, కందిపప్పు కట్టుకొచ్చిన కాగితాల మీదే. పొట్లాలు చిరగకుండా విప్పి, అరచేత్తో సాపు చేసి ఇచ్చేది అక్క. అట్లా ఏరుకున్న అక్షరాలతో ఇంట్లో పెద్ద చదువరినయ్యాను. ఆఫీసయినా, ఆస్పత్రయినా మాట్లాడేది నేను, వెనక నిలబడేది అక్క.

ముసలితనంలో ఆమెకు కుడి జబ్బ వెనక నొప్పి మొదలైంది. కడుపులో ఏమీ లేదు, జబ్బలోనే. ఎన్ని కట్టెల మోపులు మోసిన జబ్బో అది, అందుకే అనుకున్నాం. ఆముదం రుద్దాం, ఉప్పు మూటతో కాపడం పెట్టాం. "తినేటప్పుడు మా అత్తకు ఏ నొప్పీ ఉండదు. తిన్నాక గిన్నెలు తోమల్లంటే మాత్రం జబ్బ పట్టుకుంటాది" అని అక్క కోడలు ఎగతాళి చేసేది. తిన్నాకే నొప్పి అన్న ఆ ఎగతాళిలోనే జబ్బు మొత్తం ఉంది. మేమంతా నవ్వాం, అక్క కూడా నవ్వింది.

కోయిలకుంట్లలో ఒక ముసలి డాక్టరు మాత్రం నవ్వలేదు. పిత్తాశయంలో రాళ్లున్నా నొప్పి జబ్బలోకి కొడుతుందని, కర్నూలుకు పోయి పరగడుపున స్కానింగు తీయించమని రాసిచ్చాడు. తొలి బస్సుకే పోయాం. అయినా మా వంతు వచ్చేలోగా ఎండ నడినెత్తికెక్కింది. అక్క గోడకు ఆనుకుని జారిపోతోంది. ఎదురుగా ఉన్న టీ బండి దగ్గరికి తీసుకుపోయాను.

"ఏం తినగూడదనిరి గదబ్బీ?"

"టీ చుక్కకు ఏమైతాదక్కా? కండ్లు తిరిగి పడితే నిన్ను మోసేదెవరు?"

"నిన్ను నేను మోయలేదా?" అని నవ్వుతూ తాగింది. రెండు బజ్జీలు కూడా నేనే తినిపించాను.

స్కానింగు తీసే అతను గది తలుపు దగ్గరే అడగనే అడిగాడు. "ఏమన్నా తినింటే రేపు రావల్ల పెద్దాయనా." మళ్లీ రేపు, మళ్లీ ఆ బస్సు, మళ్లీ ఆ జనం. నాకు ఒళ్లు మండింది. "రాత్రి నుంచి గుటక నీళ్లు లేవప్పా! పల్లెటూరోళ్లంటే నమ్మకం లేదా మీకు?" అని గద్దించాను. పాపం, జంకి లోపలికి పిలిచాడు. పిత్తాశయం ముడుచుకుని ఉందని, రాళ్లు కనపడలేదని కాగితం వచ్చింది.

ఆ కాగితం చూసిన ప్రతివాడూ గ్యాస్ అన్నాడు, నరాలన్నాడు, మనసులో దిగులన్నాడు. అందరితోనూ పోట్లాడాను. పత్రికలకు ఉత్తరాలు రాశాను. రెండేళ్లలో అక్క సగమైంది. కడపలో తన కూతురింట్లో ఉన్నప్పుడు చూపిస్తే, ఒక చిన్న వయసు డాక్టరమ్మ ఆ పాత కాగితాన్ని రెండుసార్లు చదివింది. "తింటే ఆ తిత్తి ముడుచుకుంటుంది. లోపల రాళ్లున్నా కనపడకపోవచ్చు. ఆ రోజు ఏమన్నా తిన్నావా అవ్వా?"

అక్క నా వైపు చూడలేదు. "యాడ తింటిని తల్లీ. ఆ పొద్దంతా కడుపు కాల్తానే ఉండె" అంది.

మళ్లీ తీస్తే రాళ్లు కనపడ్డాయి, వాటి చుట్టూ చీము. ఆపరేషనుకు తీసుకుపోయే ముందు చెవి దగ్గర వంగి, "ఎందుకక్కా అట్ల చెప్తివి?" అని అడిగాను. "అందరి ముందర నిన్ను తక్కువ చేయల్నా అబ్బీ?" అంది. అప్పటికే చీము రక్తంలోకి పోయింది. ఐదో రోజు అక్క లేదు.

డాక్టర్ల మీద రాసిన ఉత్తరాల నకళ్లు ఇంకా నా పెట్టెలో ఉన్నాయి. రాయాల్సినది ఒకటి వాటిలో లేదు. ఒక రోజు కలిసొస్తుందని ఆ పొద్దు అబద్ధమాడాను. ఇన్నేళ్లయినా ఆ ఒక్క రోజు నాకు గడవడం లేదు.