రోడ్డవతల నుంచి కనబడాల్సిన గీత

కిషన్ రావు సార్‌కు మ్యాపు కూడా బోర్డే. హన్మకొండలో ఆయనది ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపు. పుట్టినరోజు శుభాకాంక్షలు, చీరల సేల్, కోచింగ్ సెంటర్ ర్యాంకులు, అన్నీ డిజైన్ చేసేది నేనే. నిరుడు ఎవరో చెవిలో ఊదితే, ఒక ఆఫీసు కోసం ఊళ్లో వాననీళ్లు పోయే నాలాలను ఫోన్లో చూసుకునే మ్యాపు తయారుచేసే పని పట్టుకొచ్చారు. దానికి స్నేహలతను పెట్టుకున్నారు. రోజూ వర్ధన్నపేట నుంచి బస్సులో నిలబడి వచ్చి, నా పక్క కుర్చీలో సాయంత్రం దాకా తల పట్టుకుని కూర్చునే మనిషి ఆమె.

నేను మౌసుతో గీత గీస్తాను. ఆమె గీయదు, రాస్తుంది. ఏ పొర కింద, ఏ పొర పైన, నాలాకు ఏ రంగు, ఎంత మందం, అన్నీ ట్యాగులనే కంప్యూటర్ గుర్తుల మధ్య రాసిపెడితే మ్యాపు తనంతట తానే గీసుకుంటుంది. ఒక్క ట్యాగు మూయడం మరిచిపోతే తెరంతా తెల్లకాగితం. అంత ఓపిక దేవుడు నాకివ్వలేదు.

ఆ మ్యాపును సార్ పరీక్షించే పద్ధతి చూస్తే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. తెరను కిటికీ వైపు తిప్పించి, మెట్లు దిగి, రోడ్డు దాటి, చెప్పుల దుకాణం ముందు నిలబడి చూసొస్తారు. ఏళ్ల తరబడి ప్రతి ఫ్లెక్సీనీ అలాగే చూశారు మరి.

“నాలా కనబడ్తనే లేదమ్మా! బోర్డంటే రోడ్డవతలికెల్లి కనబడాలె. ఎర్రగ, లావుగ పెట్టు.”

“ఇది బోర్డు కాదు సార్. ఈ మందం తెర మీది చుక్కల లెక్క. మ్యాపును చిన్నగ చేస్తే ఊరు చిన్నగైతది గని గీత కాదు. పక్క ఇండ్ల మీద పడ్తది.”

“పడ్తే పెద్దగ చేసుకొని చూస్తరు. లోకానికి జూమ్ తెల్వదా?”

స్నేహలత కళ్లద్దాలు తీసి కీబోర్డు మీద పెట్టింది. కోపమొస్తే ఆమె చేసేది అదొక్కటే. గీత లావయింది, మ్యాపు జనంలోకి వెళ్లింది.

వారం తిరక్కముందే చిలుకమ్మ మెట్లెక్కి వచ్చింది. మా షాపు ముందు మిరపకాయ బజ్జీల బండి ఆమెదే. పాత రేకులు పీకేసి, స్లాబు కోసం గోడలు లేపుకుంది. రేపో మాపో వానలు.

“మేస్త్రి యాకయ్య రానంటాండు బిడ్డా. మ్యాపుల నా ఇల్లు నాలాల పడ్డదట, ఆఫీసోళ్లు కూలగొడ్తరట. కూలే ఇంటికి స్లాబెందుకని అంటాండు. వాన పడ్తే నేను యాడుండాలె?”

స్నేహలత మ్యాపును పెద్దది చేసి చూపించింది. ఇంటి మీద నుంచి ఎర్రగీత జరిగిపోయింది. నాలాకూ ఇంటికీ మధ్య ఒక గల్లీ బయటపడింది.

“నువ్వు చూపెడ్తే తెలుస్తాంది. యాకయ్యకు ఎవలు చూపెట్టాలె?” అంది చిలుకమ్మ.

సార్ వింటూనే బిల్లు పుస్తకంలో లెక్కలు రాసుకుంటున్నారు. స్నేహలత తెరను ఆయన వైపు తిప్పి మ్యాపును చిన్నది చేసింది. మా షాపు వెనకే నాలా పోతుంది.

“మన షాపు చూడుండ్రి సార్.”

షాపు ఎర్రగీత కింద మాయమైంది. సార్ కుర్చీలోంచి లేచారు. “గట్లెట్లయితది? మన షాపు కాడ సన్నగ చెయ్యి!”

“పొర మొత్తానికి ఒక్కటే రూలు సార్. సన్నగైతే ఊరంతా సన్నగైతది.”

“అయితే ఊరంతా చెయ్యి, జల్ది!”

చిలుకమ్మ ఎదురుగా నిలబడి గోడు వెళ్లబోసుకుంటే కదలని మనిషి! స్నేహలత చుక్కల లెక్క తీసేసి మీటర్ల లెక్క రాసింది. నాలా ఎంత వెడల్పో గీత అంతే అయింది. ఇన్నాళ్ల తలనొప్పికి ఆ కాస్త రాత చాలింది.

కానీ ఎర్రగీత ఫొటో అప్పటికే వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగింది. స్నేహలత కొత్త మ్యాపు పంపి ఫోన్ చేస్తే యాకయ్య ఒక్క ముక్కలో తేల్చేశాడు. “గా కొత్తది మీరు మార్చిందే గదమ్మా. అసలుది నా ఫోన్ల ఉన్నది.”

మళ్లీ కళ్లద్దాలు కీబోర్డు మీదికి వచ్చాయి. వాటిని తిరిగి పెట్టుకుని ఆమె నా వైపు తిరిగింది. “అన్నా, నీ మిషన్ ఖాళీగున్నదా?”

ఆ గల్లీ మ్యాపును గోడంత ఫ్లెక్సీ మీద వేశాం. ఒక పక్క నాలా, నడుమ గల్లీ, ఇవతల ‘చిలుకమ్మ ఇల్లు’. సార్ చూసి తిడతారనుకున్నాం. ఆయన రోడ్డు దాటి, చెప్పుల దుకాణం ముందు నిలబడి, “పేరు ఇంకా లావుగ పెట్టుండ్రి,” అని అరిచారు.

దాన్ని తీసుకెళ్లి ఆమె పచ్చి గోడకు కట్టాం. చిలుకమ్మ కబురు పెడితే సాయంత్రం యాకయ్య బండి మీద వచ్చాడు. గల్లీ దాటి ఇవతలికి రాలేదు. అక్కడే ఆగి, ఫ్లెక్సీని పై నుంచి కిందికి చదివాడు. తిరిగి నాలా వైపు చూశాడు.

“చిలుకమ్మక్కా, కంకర దింపిచ్చుకో. ఎల్లుండి స్లాబు పోస్త.”

“గదే మ్యాపు, గదే ఫైలు! ఫోన్ల చూపెడ్తే నమ్మలే!” అని స్నేహలత నా పక్కన పళ్లు కొరికింది.

చిలుకమ్మ మాత్రం గోడల మధ్య నిలబడి, ఇంకా కప్పులేని చోటికేసి తలెత్తి చూస్తూ ఉండిపోయింది.