వీరదుర్గ నోటుబుక్కులో మూడో వరస

వీరదుర్గ నోటుబుక్కులో ప్రతి పేజీకీ రెండు నిలువు గీతలు ఉండేవి. గీతలు రెండు కాబట్టి వరసలు మూడు. మొదటి దాని పైన 'చూసినది' అనీ, రెండో దాని పైన 'విన్నది' అనీ, మూడో దాని పైన 'ఊహించినది' అనీ ఎర్ర సిరాతో రాసుకునేది. మూడో వరస చాలా పేజీల్లో ఖాళీగా ఉండేది. అది ఖాళీగా మిగిలిన రోజే పని సవ్యంగా జరిగినట్టు ఆమె భావించేది.

ఆమె మచిలీపట్నంలో ప్రైవేటు ఎంక్వైరీలు చేసేది. కోనేరు సెంటరు దగ్గర ఒక జిరాక్సు షాపు మేడ మీద చిన్న గది, రెండు కుర్చీలు, ఒక ఫోను, తాళం పడే బీరువా. 1999 నాటికి ఆమె ఆఫీసు అంతే. పుట్టింది గిలకలదిండిలో, సముద్రం మీద వేటకు వెళ్ళే ఇంట్లో. తల్లి చేపల గంప నెత్తిన పెట్టుకుని బందరు వీధులన్నీ తిరిగేది. వీరదుర్గ కెమిస్ట్రీతో బి.యస్సీ. పూర్తిచేసి, మధుసూదనరావు గారనే వకీలు దగ్గర అయిదేళ్ళు గుమాస్తాగా పనిచేసింది. ప్రమాదం కేసుల్లో సాక్షులను వెతికి పట్టుకోవడం అక్కడే అలవాటయింది. చూసినదాన్ని చూసినట్టు రాసే మనిషి జిల్లా మొత్తం మీద ఇద్దరో ముగ్గురో ఉంటారని ఆయన ఒకసారి అన్నారు. మిగిలినవాళ్ళు ఎవరో ఆమె అడగలేదు. ఆ మరుసటి సంవత్సరం సొంత ఆఫీసు తెరిచింది.

భర్త తాతారావు ఆమెకు మేనత్త కొడుకు. హార్బరు దగ్గర ఐసు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. ఏదైనా ఊరికి నిఘా పని మీద వెళ్ళే ముందు రోజు వీరదుర్గ ఒక కాగితం రెండు ప్రతులు రాసి ఒకటి అతనికి ఇచ్చేది. వెళ్ళే ఊరు, ఎక్కే బస్సు, కట్టుకోబోయే చీర రంగు, నిలబడబోయే చోటు, అక్కడి నుంచి బయటపడటానికి రెండు దారులు, ఫోను చేసే వేళలు అందులో ఉండేవి. చెప్పిన వేళకు అరగంట దాటినా ఫోను రాకపోతే తాతారావు బయలుదేరాలి. ఎవరి గుమ్మమూ దాటకూడదనీ, పోలీసుననో సర్కారు మనిషిననో చెప్పుకోకూడదనీ, ఎవరైనా నిలదీస్తే పరిగెత్తకూడదనీ కాగితం అడుగున ప్రతిసారీ ఒకే మాటలు ఉండేవి. అవి ఆమె తనకోసం రాసుకున్నవి.

"చంద్రమండలానికి వెళ్ళేవాళ్ళు కూడా ఇన్ని రాయరే," అనేవాడు తాతారావు.

"వాళ్ళని చూసేవాళ్ళు కింద వందమంది ఉంటారు బావా. నాకు నువ్వొక్కడివే," అనేది ఆమె.

ఆఫీసు తెరిచిన మూడేళ్ళలో తాతారావు ఒక్కసారి కూడా బయలుదేరవలసిన అవసరం రాలేదు.

1999 మార్చి రెండో వారంలో భవిత అనే అమ్మాయి ఆఫీసుకు వచ్చింది. నందివాడ రైతు శివరామయ్య గారి కూతురు. గుడివాడలో ఒక కాలేజీలో కామర్సు పాఠాలు చెబుతుంది. విక్రమ్ అనే అతనితో సంబంధం దాదాపు కుదిరింది. కృత్తివెన్ను దాటి నాలుగు కిలోమీటర్ల అవతల రొయ్యల చెరువులు చేయిస్తాడు. తండ్రి ఉండేది గుడివాడలో. పెళ్ళిచూపుల రోజు అతను పది మాటలకు మించి మాట్లాడలేదట. అయినా ఆమెకు నచ్చాడు. ఇంతలో ఆకాశరామన్న ఉత్తరం ఒకటి వచ్చింది. విక్రమ్ వారానికి మూడు మధ్యాహ్నాలు చెరువుల పక్కన ఒక పెంకుటింటికి వెళ్ళి తలుపు వేసుకుంటాడనీ, లోపల ఆడమనిషి గొంతు వినిపిస్తుందనీ అందులో ఉంది. ఆదివారం లోపల ఏ సంగతీ చెప్పకపోతే సంబంధం వదులుకుందామని శివరామయ్య గారు తేల్చేశారు.

"అబద్ధమని చెప్పమని నేను అడగట్లేదండీ. ఏదయితే అదే చెప్పండి. కాకపోతే సగం తెలుసుకుని మాత్రం చెప్పకండి," అంది భవిత.

వీరదుర్గ సోమవారం వెళ్ళింది. పెడన, బంటుమిల్లి మీదుగా బస్సులో గంటా నలభై నిమిషాలు పట్టింది. తల్లి గంపే నెత్తిన పెట్టుకుని, ఎండుచేపలు అమ్మే మనిషిగా రోడ్డు పక్క నీడలో కూర్చుంది. ఈ వేషంలో ఆమెకు భయం ఉండేది కాదు, ఎందుకంటే అది వేషం కాదు. రెండూ పదికి విక్రమ్ తెల్లచొక్కాతో మోటారు సైకిలు మీద వచ్చి పెంకుటింట్లోకి వెళ్ళాడు. తలుపు మూసుకుంది. రెండూ పాతికకు ఆడగొంతు వినిపించింది. ముందు ఏడుస్తున్నట్టు, తర్వాత కోపపడుతున్నట్టు. ఇల్లు రోడ్డుకు నూటయాభై అడుగుల దూరంలో, రెండు చెరువుల మధ్య గట్టు చివర ఉండటం వల్ల మాటలు తెలియలేదు. నాలుగూ అయిదుకు విక్రమ్ వెళ్ళిపోయాడు. మరెవరూ బయటకు రాలేదు.

రాత పని బస్సులోనే ముగించింది. 'విన్నది' వరసలో, 'ఆడగొంతు, ఒక్కటే' అని రాసింది. మూడో వరసలో రాయడానికి కలం రెండుసార్లు ఆనించి రెండుసార్లూ తీసేసింది. అక్కడితో రిపోర్టు ఇచ్చి ఉంటే భవిత పెళ్ళి ఆ సాయంత్రమే ఆగిపోయేది. రాసిన ఆ మాటలో తప్పేమీ లేదు. అది పూర్తి కాదు, అంతే.

గట్టు మీదకు వెళ్తేగాని ఆ ఇంటి కిటికీ కనిపించదు. అయితే రొయ్యల చెరువుల గట్టు మీద కొత్త మనిషిని నడవనివ్వరు. దొంగల భయం కంటే రొయ్యలను చంపే తెల్లమచ్చ రోగం భయం ఎక్కువ. ఒక చెరువు నీటి తడి ఇంకో చెరువుకు కాళ్ళతో వస్తుందని అందరికీ తెలుసు. అంతకు ముందు సంవత్సరం దివిసీమలో, నాగాయలంక వైపు, ఇంకో పని మీద తిరిగినప్పుడు వీరదుర్గ ఒక సంగతి గమనించి రాసుకుంది. చెరువుల మీద పనిచేసే వాళ్ళందరూ గట్టు ఎక్కే ముందు, రోగం అంటకుండా, పర్మాంగనేటు నీళ్ళ తొట్టిలో కాళ్ళు ముంచుతారు. నీళ్ళు ఊదారంగు. చర్మం మీద ఆరేసరికి అది గోధుమరంగు మచ్చవుతుంది. చీలమండల దాకా ఆ రంగున్న కాళ్ళు చెరువు మనిషి కాళ్ళే.

మంగళవారం సాయంత్రం అర బకెట్టు నీళ్ళలో రెండు గ్రాముల పర్మాంగనేటు కలిపి, ఇరవై నిమిషాలు కాళ్ళు పెట్టుకుని కూర్చుంది. కుడికాలి మచ్చ పలచగా వచ్చిందని మరో అయిదు నిమిషాలు ఆ ఒక్కటే ఉంచింది. తాతారావు గుమ్మంలో నిలబడి చూశాడు.

"మన పెళ్ళిలో పారాణి ఇంత శ్రద్ధగా పెట్టించుకున్నావా?"

"అప్పుడు ఎవరూ నా కాళ్ళు పరీక్షగా చూళ్ళేదు."

బుధవారం కృత్తివెన్నులో ఎస్టీడీ బూతు నుంచి పన్నెండున్నరకు మొదటి ఫోను చేసింది. రెండోది మూడున్నరకు చేయాలి. రెండున్నరకు, ఖాళీ గడ్డితట్ట చంకన పెట్టుకుని, గట్టు మొదట్లో ఉన్న తొట్టిలో కాళ్ళు ముంచి నడక మొదలుపెట్టింది. తొట్టిలో నీళ్ళకు రంగు లేదని అప్పుడు చూసింది. బ్లీచింగు వాసన. ఆ రెండూ కలిపి ఆలోచించేలోపల యాభై అడుగులు నడిచేసింది.

ఎదురుగా మేత బుట్టతో వస్తున్న యాభై ఏళ్ళ మనిషి ఆగింది. ఆమె పేరు సూర్యకుమారి అని తర్వాత తెలిసింది. వీరదుర్గ మొహం వైపు చూడకుండా నేరుగా కాళ్ళ వైపు చూసింది.

"ఏ చెరువుల మీంచి వస్తున్నావమ్మా?"

వీరదుర్గ జవాబు వెతుక్కునేలోపలే ఆమె గట్టిగా పిలిచి నలుగురిని పోగుచేసింది. ఆ ఊరివాళ్ళు జనవరి నుంచే పర్మాంగనేటు మానేసి బ్లీచింగుకు మారారు. చుట్టుపక్కల ఇప్పుడు పర్మాంగనేటు వాడుతున్నది రోగం తగిలిన చెరువుల వాళ్ళొక్కరే. అంత ముదురు రంగు కాళ్ళతో మనిషి వచ్చిందంటే రోగం నడిచి వచ్చినట్టే. ఎంత జాగ్రత్తగా రంగు వేసుకుందో అంత స్పష్టంగా ఆమె పరాయిదని తేలిపోయింది.

ఎనిమిది మంది చేరారు. ఎవరూ ఆమెను ముట్టుకోలేదు, తిట్టనూ లేదు. ముందుకొక అడుగు వేసినా, వెనక్కొక అడుగు వేసినా రోగం అంటుతుందని ఒక గోనెసంచి పరిచి దాని మీద నిలబడమన్నారు. నిలబడింది. కాగితంలో రాసుకున్న రెండు దారులూ గట్లేనని, రెండింటి మీదా మనుషులున్నారని ఆమె లెక్క చూసుకుంది. చేతులు అందరికీ కనపడేటట్టు పెట్టుకుని, నెమ్మదిగా, తాను ఏ చెరువు మీదా పనిచెయ్యననీ, బందరు నుంచి వచ్చాననీ, పని ఏమిటో మాత్రం చెప్పలేననీ అంది. అందులో ఒక్క అబద్ధం లేదు. అందువల్లే ఎవరూ నమ్మలేదు.

పెంకుటింట్లో ఆడగొంతు అప్పటికి మంచి కోపంలో ఉంది. ఇప్పుడు మాటలు తెలుస్తున్నాయి. ఎవరో రాజును, రాజ్యం సంగతి తర్వాత, ముందు కన్నబిడ్డ సంగతి చెప్పమని నిలదీస్తున్నది.

సూర్యకుమారి అటు తిరిగి, "విక్రమ్ బాబూ, ఒకసారి రండి," అని కేక వేసింది.

ఆడగొంతు ఆగింది. అదే గొంతు, "వస్తున్నా," అని సన్నగా మొదలై, "నమ్మా," అని మగగొంతుతో ముగిసింది.

తలుపు తీసుకుని విక్రమ్ బయటకు వచ్చాడు. తెల్లచొక్కా మీద, ఎడమ భుజం నుంచి, ఎర్ర కండువా పమిటలాగా వేసి ఉంది. అతని వెనకాల కళ్ళజోడుతో, చేతిలో కాగితాలతో ఒక ముసలాయన. గట్టు మీద ఎవరో "రాణీగారు వచ్చారు, తప్పుకోండి" అన్నారు. రోగం భయంతో బిగుసుకున్న ఎనిమిది మందీ నవ్వారు. వీరదుర్గ నిలబడిన చోటు నుంచే కిటికీ లోంచి ఇంట్లోకి చూసింది. రెండు కుర్చీలు, ఒక హార్మోనియం. మనిషి ఎవరూ లేరు.

విక్రమ్ సంగతి విని, వంగి ఆమె కాళ్ళను కొంతసేపు చూశాడు. అతనిది ఫిషరీసు చదువు.

"ఇది ఒక్కసారి వేసిన రంగండీ," అన్నాడు సూర్యకుమారితో. "రోజూ ముంచే వాళ్ళకి గోళ్ళ సందుల్లో కూడా నల్లబడుతుంది. ఈవిడ గోళ్ళు శుభ్రంగా ఉన్నాయి. నిమ్మకాయలు తెప్పించండి, పోతుంది."

ఇంటి అరుగు మీద పళ్ళెంలో కాళ్ళు పెట్టుకుని, నిమ్మచెక్కలతో రుద్దుకుంటూ ఉండగా మిగతా సంగతి ఆమె ముందుకు దానంతటదే వచ్చింది. ముసలాయన లక్ష్మయ్య మాస్టారు, నాటకాలు నేర్పుతారు. ఊరివాళ్ళు తామే రాసుకున్న నాటకం ఒకటి ఏప్రిల్లో ఆడబోతున్నారు. రాణి వేషానికి అనుకున్న మనిషి గొంతు పోయింది. ఊళ్ళో ఆ వేషం పలికే గొంతు విక్రమ్‌ది ఒక్కటే. చెరువులు చేసేవాడికి నాటకాలేమిటని తండ్రి కోపపడతారని తలుపులు వేసుకుంటున్నారు. ఊరంతటికీ తెలుసు. ఊరు దాటి ఎవరూ చెప్పలేదు. రోడ్డున పోతూ ఆ గొంతు విన్నవాడెవడో ఉత్తరం రాసి ఉంటాడు.

మిగిలినవాళ్ళు పనుల్లోకి వెళ్ళాక విక్రమ్ దగ్గరకు వచ్చి నిలబడ్డాడు.

"నందివాడ నుంచా అండీ?"

వీరదుర్గ నిమ్మచెక్క మార్చుకుంది.

"చెప్పద్దులెండి. ఆ రోజే ఆవిడకి చెబుదామనుకున్నాను. చీర కట్టుకుని వేషం వేస్తానని పెళ్ళిచూపుల్లో ఎట్లా చెప్పను? అందుకే ఏం మాట్లాడలేకపోయాను." నిమ్మచెక్కల పళ్ళెం ఆమె దగ్గరకు జరిపాడు. "నాన్నగారి దాకా వెళ్ళకుండా ఉంటే మంచిది. ఆవిడ దాకా వెళ్తే మాత్రం... ఏదయితే అదే చెప్పండి."

భవిత అన్న మాట, అక్షరం మారకుండా అతని నోట విని వీరదుర్గ మొదటిసారి తలెత్తింది. ఆ పని తాను తప్పకుండా చేస్తానని మాత్రం చెప్పింది.

అయిదూ పదికి గట్టు మొదట్లో ఒక ఐసు లారీ ఆగింది. మూడున్నర ఫోను తప్పిపోయిన సంగతి వీరదుర్గకు అప్పుడు గుర్తొచ్చింది. తాతారావు లారీ దిగి, తొట్టిలో కాళ్ళు ముంచుకుని, కాగితం చేత్తో పట్టుకుని పరుగులాంటి నడకతో వస్తున్నాడు.

"మన ఐసు తాతారావు గారు కాదూ? ఇవాళ పట్టుబడి లేదు కదా, ఎందుకొచ్చారు?" అంది సూర్యకుమారి.

చెరువుల్లో రొయ్యలు పట్టిన ప్రతిసారీ వాటి మీద వేసే ఐసు అతని ఫ్యాక్టరీదే. ఆ ఊళ్ళో పెద్దా చిన్నా అందరికీ అతను తెలుసు. వీరదుర్గ కాగితంలో అన్నీ రాసింది, ఈ సంగతి ఒక్కటి మాత్రం అతన్ని అడగలేదు.

తాతారావు అరుగు దగ్గర ఆగాడు. భార్య కాళ్ళు పళ్ళెంలో ఉన్నాయి. చేతిలో టీ గ్లాసు. ఎదురుగా కండువా పమిట వేసుకున్న యువకుడు నాటకంలోని రాజును దులిపేస్తున్నాడు.

"ప్రాణం మీదకొచ్చిందనుకుని ఇరవై దిమ్మల ఐసు కరిగించుకుంటూ వచ్చానే," అన్నాడు చివరకు, ఊపిరి అందాక.

"చక్కగా వచ్చావు బావా. అరగంట, ఒక్క నిమిషం కూడా ఆలస్యం చెయ్యకుండా బయలుదేరావు," అంది వీరదుర్గ. దారిలో కరగని ఐసును వాళ్ళు ఊరికి ఇచ్చేశారు. ఆ సాయంత్రం గట్టు మీద అందరూ నిమ్మకాయ షర్బత్తు తాగారు. కాయలు ఎలాగూ చాలా కోసి ఉన్నాయి.

శుక్రవారం భవిత ఆఫీసుకు వచ్చి రిపోర్టు చదివింది. 'విన్నది' వరసలో సోమవారం తేదీన, 'ఆడగొంతు, ఒక్కటే.' 'చూసినది' వరసలో బుధవారం తేదీన, 'ఇంట్లో ఇద్దరు మగవారు తప్ప ఎవరూ లేరు. పై గొంతు విక్రమ్ గారిదే, నాటకంలో రాణి వేషానికి.' భవిత ఆ వాక్యం రెండుసార్లు చదివింది. కాగితం మొహానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతుండటం వల్ల ఏడుస్తున్నదేమోనని వీరదుర్గ మంచినీళ్ళ గ్లాసు జరిపింది. కాగితం దించేసరికి ఆ అమ్మాయి కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. నవ్వు వల్ల.

"బాగా చేస్తున్నారా?"

"ఆ సంగతి నా పరిధిలోది కాదండీ," అంది వీరదుర్గ. తర్వాత, "బాగా చేస్తున్నారు," అంది.

నాన్నకు అవును అని చెప్పేస్తానంది భవిత. నాటకం సంగతి మాత్రం, రాణీగారి అనుమతి తీసుకుని, పెళ్ళయ్యాక చెబుతుందట. లేచి, గుమ్మం దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చింది. ఎటూ బందరు వచ్చింది కాబట్టి చిలకలపూడి వెళ్ళి రాణి వేషానికి ఒక రోల్డ్ గోల్డు వడ్డాణం కొని పంపిద్దామనుకుంటున్నది. నడుము కొలత ఎంత ఉంటుందో చెప్పగలరా అని అడిగింది.

వీరదుర్గ నోటుబుక్కు తెరిచి బుధవారం పేజీ మొత్తం పరిశీలించింది. కొలత ఎక్కడా లేదు. ఎర్ర కండువా, తెల్లచొక్కా, గట్టు మీద వంగి కాళ్ళు చూసిన తీరు ఒకసారి గుర్తుతెచ్చుకుంది. కలం మూత తీసి, ఆ సంవత్సరంలో మొదటిసారి, మూడో వరసలో రాసింది.

"ముప్పై నాలుగు అంగుళాలు," అంది. "కాకపోతే హుక్కు సర్దుకునే రకం తీసుకోండి. ఇది ఊహే."