హీ ఎవరు, షీ ఎవరు?

చైనాలోని లీ నది మీద పర్యాటకుల కోసం వెదురు తెప్ప నడిపే మో షియూలియన్ యాభై దాటాక ఇంగ్లీషు మొదలుపెట్టింది. మాటలు తొందరగానే వచ్చాయి గానీ 'హీ', 'షీ' దగ్గర నాలుక తడబడేది. వాళ్ల చైనా భాషలో అతనన్నా ఆమె అన్నా పలికేది 'తా' అనే.

"అమ్మా, నాన్నను మళ్లీ ఆడదాన్ని చేశావు!" అని కూతురు యెన్‌పింగ్ నవ్వేది.

ఒక వానాకాలం మధ్యాహ్నం ఏరు ఉన్నట్టుండి పొంగింది. ఒక విదేశీయుడు ఫోన్ పట్టుకుని రేవుకు పరుగెత్తుకొచ్చాడు. అతని భార్య ఏటి ఒడ్డున పై గుహకు, కొడుకు కింది గుహకు వెళ్లారట. ఒకరు బయటపడి ఇప్పుడే ఫోన్ చేశారట, ఇంకొకరు లోపలే చిక్కుకున్నారట.

"ఎవరు చిక్కుకున్నారు? చెప్పవే, తెప్ప ఒక్కటే ఉంది!" అని మొగుడు లియావ్ గసిరాడు.

"షీ! షీ!" అని గుహల వైపు చేయి చూపిస్తూ అరుస్తున్నాడు విదేశీయుడు. అంటే ఆడదనే షియూలియన్ అనుకుంది. కానీ తన మీద తనకే నమ్మకం లేదు. పొరపడితే ఒక ప్రాణం పోతుంది. అతని చేయి పట్టుకుని ఆపి, తన జడ పైకెత్తి చూపించింది.

"షీ?"

అతను ఏడుస్తూ తలూపాడు.

"పై గుహకు పోనీ!" అంది మొగుడితో.

గొంతు దాకా నీళ్లలో, రాతిని కరుచుకుని ఉంది ఆ తల్లి. తెప్ప మీదకు లాగగానే కొడుకు గురించి అడిగింది. షియూలియన్‌కు ఒక్క ఇంగ్లీషు ముక్కా గుర్తు రాలేదు. ఆమెను గట్టిగా హత్తుకుని, దూరంగా రేవులో, అప్పటికే వచ్చి తండ్రి పక్కన నిలబడ్డ పిల్లాణ్ణి చూపించింది.