నడివాగు సరిహద్దు

మాట్లాడేటప్పుడు కూడా దర్జీ పెదవుల మధ్య నుంచి గుండుసూదులు తీయడు. శాసనసభ్యుడి ఆఫీసుకు వెళ్లే రోజు మాత్రం వాటిని కాలరుకు గుచ్చి, తల దువ్వుకుని బయలుదేరతాడు. అడిగేది ఒక్కటే: కూతురు అవతలి ఒడ్డున ఉన్న బడికి వెళ్లిరావడానికి వాగు మీద వంతెన. ఒకప్పుడు రెండు ఒడ్లూ ఒకే నియోజకవర్గం. సరిహద్దులు మళ్లీ గీసినప్పుడు గీత నడివాగులో పడింది. అప్పటి నుంచీ ఈ ఆఫీసు ఆ ఆఫీసుకు పొమ్మంటుంది, అది ఇటు తోలుతుంది.

"మా వాటా సగమేనయ్యా. మిగతాది వాళ్లనడుగు," అన్నాడు గుమాస్తా ఈసారి.

"సగం నుంచి పిల్ల ఎగరాలా సార్?"

గుమాస్తాకు నవ్వొచ్చింది.

ఆ సాయంత్రం వానకు వాగు పొంగింది. బడి దగ్గర కూతుర్ని భుజాలకెత్తుకుని, ఇంటివైపు నీళ్లలోకి దిగాడు దర్జీ.

"చలేస్తోంది నాన్నా."

"జుట్టు గట్టిగా పట్టుకో తల్లీ," అన్నాడు. తర్వాతి అడుగుకు నేల అందలేదు.