టైల్స్ ఆరేదాకా

మా ఇంటి పాత గచ్చు తీసి టైల్స్ వేయించే ముందు నేను వేసిన పథకం చూస్తే, కృష్ణ మీద ఆనకట్ట కట్టినవాళ్ళు కూడా నా దగ్గరికి ట్యూషన్‌కి వచ్చేవాళ్ళు. ఎవరిదో పాత శుభలేఖ వెనకవైపు ఇల్లంతా గీశాను. ఫ్రిజ్ వరండాలోకి, గ్యాస్ పొయ్యి పెరట్లోకి, సోఫా, టీవీ, బీరువా బెడ్‌రూమ్‌లోకి. దేవుడి పటాలు ఏ దిక్కుకి తిప్పి పెట్టాలో కూడా బాణం గుర్తు వేశాను. బాత్‌రూమ్‌కి మాత్రం బాణం వెయ్యలేదు. అది పెరట్లో ఉంది, కదిలించే సామాను కాదు కదా అనుకున్నాను.

బెడ్‌రూమూ వంటిల్లూ ముందే అయిపోయాయి. ఆ రోజు హాలు వంతు. మా బెడ్‌రూమ్‌కి ఉన్నది ఒక్కటే తలుపు. అది హాల్లోకి తెరుచుకుంటుంది. హాలు దాటితే వంటిల్లు, వంటిల్లు దాటితే పెరడు. మా ఆవిడ బళ్ళో టీచరు, పొద్దున్నే వెళ్ళిపోయింది. లోపల మిగిలింది నేనూ, మోకాళ్ళ డాక్టరు కోసం చల్లపల్లి నుంచి వచ్చిన మా అత్తగారూ. పెళ్ళయి ఇరవయ్యేళ్ళు దాటినా ఆవిడ నాతో నేరుగా మాట్లాడింది తక్కువ. కాఫీ కావాలా అన్న మాట కూడా కూతురి మీదుగానే వచ్చేది.

మేస్త్రి చివరి టైలు పరిచి, వీధి గుమ్మంలో నిలబడి చేతులు దులుపుకున్నాడు.

"సాయంత్రం దాకా ఎవరూ కాలు పెట్టొద్దండి. తొక్కితే టైలు కింద గుల్లబడిపోద్ది. మీరిద్దరూ లోపలే ఉండగలరాండీ?"

"ఎందుకుండలేమయ్యా. క్యారేజీలో అన్నం ఉంది, మంచినీళ్ళ క్యాన్ ఉంది, ఫ్యాన్ ఉంది. అంతా కాయితం మీద రాసుకున్నాం."

అతను వెళ్ళిపోయాడు. పది అడుగుల గదిలో నిలువునా నిలబెట్టిన సోఫా, దుప్పటి కప్పుకుని పడుకున్న టీవీ, ఒకదాని మీద ఒకటి ఎక్కిన కుర్చీలు. మంచం కొసన అత్తగారు, గోడవైపు తిరిగి. బీరువాకి ఇవతల నేను. కిటికీకి ఇనప ఊచలు. బయట ఎండ చూసి కాకి కూడా మా సన్ షేడ్ కిందికి వచ్చి నడుం వాల్చింది.

ఊరుకోలేక కథ మొదలుపెట్టాను. బ్యారేజీ గేట్లన్నీ ఒక్కసారి ఎత్తిన రోజు ఆ హోరుకి మా వీధి కుళాయిలు వాటంతటవే తెరుచుకున్నాయనీ, ఇబ్రహీంపట్నం దగ్గర మునిగిన గేదె సముద్రం దగ్గర తేలి, అక్కడే ఈని, దూడతో సహా నడిచి వచ్చిందనీ చెప్పాను. మామూలుగా నా కోతలకి ఆవిడ చెంగు అడ్డం పెట్టుకుని నవ్వేవారు. ఆ రోజు కళ్ళు గట్టిగా మూసుకున్నారు. కథ చాల్లేదేమోనని కాలవలన్నిటికీ గండ్లు కొట్టి, డెల్టా మొత్తం ముంచేశాను.

మధ్యాహ్నం ఆవిడ రెండు ముద్దలు తిని, షుగరు మాత్ర ఉత్తినే మింగారు.

"నీళ్ళు తీసుకోండి అత్తయ్యగారూ."

వద్దన్నట్టు చెయ్యి ఊపారు. కాసేపటికి చిన్న ఫోను తీసి, బీరువా చాటుకి జరిగి, ఏదో గొణిగారు. నిమిషం తిరక్కుండా నా ఫోను మోగింది. మా ఆవిడ.

"అమ్మ నిన్న సాయంత్రం నుంచీ చుక్క నీళ్ళు తాగలేదంట."

"ఎదురుగా క్యాన్ ఉంది కదే."

"తాగితే ఎక్కడికెళ్తుందండీ? హాలు మూసేస్తారని విన్నప్పట్నించీ మానేసిందంట. ఇప్పుడు తాగకపోయినా ఆగట్లేదంట. మీతో చెప్పలేక నాకు చేసింది."

"మరి ఇప్పుడేం చెయ్యమంటావు?"

"మీ కాయితంలో ఏం రాసుందో చూడండి" అని పెట్టేసింది.

నాలుగడుగుల అవతల ఉన్న మనిషి మాట ఊరవతల బడికి వెళ్ళి నా దగ్గరికి తిరిగొచ్చింది. ఆవిడ వీపు కదల్లేదు. నేను విన్నానని ఆవిడకి తెలుసు, ఆవిడకి తెలుసని నాకూ తెలుసు. ఊచలు పట్టుకుని లాగి చూశాను. గది పొద్దుటికంటే సగమైనట్టనిపించింది. గుమ్మం అవతల నేను ఏరికోరి తెచ్చిన టైల్స్ మీగడ కట్టిన పాలలా మెరుస్తున్నాయి.

పరుపు ఎత్తి మంచం చెక్కలు రెండు లాగాను. ఒకటి గుమ్మం ముందు, రెండోది దాని ముందు పరిచాను. అవి హాల్లో సగానికే వచ్చాయి. వెనకది తీసి ముందుకు వెయ్యాలంటే ఎవరో ఒకరు టైల్స్ మీద నిలబడాలి. నా బరువు గురించి మాత్రం అబద్ధం చెప్పను. దిగిన చోటల్లా టైలు బురదలో కాలేసినట్టు కుంగింది.

"పాడైపోతాయి బాబూ" అన్నారావిడ, చెక్క మీద ఆగి.

"పాడవనివ్వండి. రండి."

చాపిన చెయ్యి ఆవిడ పట్టుకోలేదు. నా చొక్కా భుజం దగ్గర గుప్పెడు బట్ట పట్టుకుని, మోకాళ్ళు ఈడ్చుకుంటూ దాటారు. వంటింటి గడప దిగాక ఆ మోకాళ్ళకి అంత పరుగు ఎలా వచ్చిందో తెలియదు. నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను. ఆవిడ తిరిగొచ్చి కుళాయి కింద గ్లాసు పెట్టి, ఒకటి, రెండు, మూడు గ్లాసులు నిలబడే తాగారు.

మర్నాడు మేస్త్రి తాపీ పిడితో టైల్స్ మీద కొట్టి, చప్పుడు వింటూ వచ్చాడు.

"నాలుగు గుల్లండి. ఎవరు తొక్కారు?"

"తెల్లారగట్ల ఒక ఆంబోతు వచ్చిందయ్యా, దాని కొమ్ములు..."

"మేమే తొక్కాం నాయనా" అన్నారు అత్తగారు, వంటింటి గుమ్మంలోంచి.

"అయితే తీసి మళ్ళీ వెయ్యాలండి. ఇంకో రోజు లోపల ఉండాల్సొస్తది."

ఆవిడ పక్కనే ఉన్న కూతురి వైపు చూడలేదు. సూటిగా నన్నే చూశారు.

"ఆ రోజుకి నన్ను మా ఊరి బస్సెక్కించండి బాబూ. అడిగితే డ్రైవరు మధ్యలో ఆపుతాడు."