నాన్నమ్మ రోప్‌వే ఎక్కిన రోజు

దెయ్యాల కథ చదివి కూడా లైటు ఆర్పేసి హాయిగా నిద్రపోయే రకం నేను. పోయిన మనిషికి మళ్లీ మన మధ్య తిరిగే ఓపిక ఎక్కడుంటుందని నా వాదన. అది కూడా డైరీలోనే. నలుగురిలో నోరు విప్పే అలవాటు నాకు లేదు. అందుకే ఈ సంగతి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది కోటబొమ్మాళి పక్కన పల్లె. మొన్న చలికాలంలో మా నాన్నమ్మని విశాఖపట్నం తీసుకెళ్లాను. తాత కుర్రతనంలో కొన్నాళ్లు అక్కడి రేవులో మూటలు మోశాడట. నాన్నమ్మని మాత్రం ఒక్కసారీ తీసుకెళ్లలేదు. దేనికైనా "దండగ ఖర్చు" అనేవాడు. ఆయన పోయి చాలా ఏళ్లయింది.

నాన్నమ్మకి ఒక్కటే కోరిక. టీవీలో చూసిన రోప్‌వే ఎక్కి పైనుంచి సముద్రం చూడాలి. మోకాళ్లు అరిగిపోతున్నాయి. ఇప్పుడు కాకపోతే ఇక ఎక్కలేదని తనకీ తెలుసు, నాకూ తెలుసు.

ట్యూషన్లు చెప్పి నేను దాచుకున్నది రైలుకి, సిటీ బస్సుకి, రోప్‌వేకి సరిగ్గా సరిపోతుంది. అందుకని తిండి ఇంటినుంచే కట్టుకున్నాం.

బీచ్‌లో గోడ మీద కూర్చుని మూట విప్పాం. చద్దన్నం, ఎండు రొయ్యల వేపుడు. పండగపూట పోయిన పెద్దలకి పెట్టకుండా మా ఇంట్లో ఎవరూ ముద్ద ముట్టరు. అది ఇంట్లో చేసే పని. నాన్నమ్మ అక్కడే అరిటాకు ముక్కలో ఓ ముద్ద పెట్టి తాతని పిలిచేసింది.

"మావా, నువ్వు తేకపోయినా నానొచ్చీసినాను. రా, తిను."

కాకి వచ్చి ఎత్తుకుపోయింది. అసలు సంగతి ఆ తర్వాతే మొదలైంది.

బస్సు దాకా నడవలేదేమోనని నేను ఆటో పిలవబోతే నాన్నమ్మ చెయ్యి పట్టి లాగింది. "ఆటో వద్దంటన్నాడు మీ తాత. ఈ సందులోంచి ఎల్తే బస్సు దొరుకుతాదట."

దొరికింది. దిగాక నీళ్ల సీసా కొనబోయాను. "కొనకే గుంటా. ఆ షాపు ఎనకాల సల్లటి నీళ్లు ఊరికినే ఇస్తారంట."

వెళ్లి చూస్తే నిజంగానే కుళాయి ఉంది. తాత ఎప్పుడో చెప్పి ఉంటాడు అనుకుందామంటే, ఆ షాపు ప్రారంభోత్సవానికి కట్టిన పూలదండలే ఇంకా వాడలేదు.

భయపడాల్సింది. కానీ ఖర్చు తగ్గుతుంటే భయం కూడా తగ్గుతుందని నాకు ఆ రోజే తెలిసింది.

రోప్‌వే దగ్గర సరిగ్గా మా వంతు వచ్చేసరికి కరెంటు పోయింది. తీగ మీద పెట్టెలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఎప్పుడొస్తుందో చెప్పలేమన్నారు. తిరుగు రైలు తప్పితే లాడ్జిలో దిగే స్తోమత మాకు లేదు. వెళ్లిపోదామని గొణిగాను.

నాన్నమ్మ కొంగు నడుముకి బిగించి, నా పక్కనున్న ఖాళీ జాగా వైపు తిరిగింది. వరసలో వాళ్లంతా ఆవిణ్ణే చూస్తున్నారు. నేను నా చెప్పులు చూసుకుంటున్నాను.

"ఏటి మావా, సచ్చినా మారవా? డబ్బులు నీయా? ఈ గుంటవి! నానిది ఎక్కకుండా ఇంటికెల్తే ఈ ఏడు నీకు పెద్దల కూడు నేదు. రొయ్యలు అసలే నేవు. ఆలోసించుకో!"

కరెంటు వచ్చింది.

పెట్టె పైకి లేస్తుంటే "ఓలమ్మో, ఎన్ని నీళ్లే!" అని నా చెయ్యి పిండేసింది. పైకి చేరి మళ్లీ కిందికి వచ్చేదాకా అద్దానికి మొహం ఆనించి సముద్రాన్నే చూసింది.

కిందికొచ్చి దిగాం. తలుపు తీసినతను ఇంకా పట్టుకునే నిలబడ్డాడు.

"మూల కూర్చున్న పెద్దాయన దిగరా అమ్మా?"

పెట్టె ఖాళీగా ఉంది. నాన్నమ్మ వెనక్కి తిరిగైనా చూడలేదు.

"టికెట్టు కొననేదు కదా బాబూ, ఊరికినే వస్తే ఆడు దిగుతాడేటి? ఇంకో సుట్టు తిరిగొస్తాడు. తలుపెయ్యి."

అతను వేసేశాడు.

ఆయన ఎలా ఉన్నాడని అడగాల్సింది. మొహమాటం అడ్డొచ్చింది. కరెంటు సమయానికి వచ్చిందనుకోవచ్చు. నీళ్ల సంగతి ఎవరో అనుకుంటుంటే నాన్నమ్మ విని ఉండొచ్చు. అతనికి కనిపించిందెవరో మాత్రం ఇవాళ్టికీ నాకు అంతుపట్టలేదు.

తిరుగు రైలు కిక్కిరిసి ఉంది. నాన్నమ్మ పక్కన కొంచెం జాగా మిగిలితే, ఇక్కడెవరైనా ఉన్నారా అని ఒకావిడ అడిగింది.

ఉన్నారని చెప్పింది నేనే. ఎందుకు చెప్పానో నాకు తెలియదు.